సింహాసనం, గద్దె, పీట: రాజులు కూర్చున్న మాటల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

కందుకూరులో మా అబ్బాయికి షామియానా షాపు ఉంది. టెంట్లు, వంటపాత్రలు, ప్లాస్టిక్ కుర్చీలతో పాటు ఓణీల ఫంక్షన్లకీ పెళ్లిళ్లకీ స్టేజీ మీద వేసే పెద్ద ఎర్ర మఖమలు కుర్చీలు రెండు ఉన్నాయి. చేతులు ఆనించే చోట సింహం తలలు, వీపు వెనక కిరీటం ఆకారం, అంతా బంగారు రంగు. ఊళ్లో వాటి పేరు సింహాసనాలు. నేను హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయినవాణ్ని, సాయంత్రం పూట గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాను. సింహాసనం అద్దె అడగడానికి వచ్చినవాళ్లు పనిలో పనిగా ఆ మాటకు అర్థం కూడా అడుగుతారు. పోటీ పరీక్షలకు చదివే పాత శిష్యులు ఫోన్లో అడుగుతారు. ఫ్లెక్సీలు వేసే కుర్రాడైతే రాత్రి పదకొండుకు వాట్సాప్‌లో అడుగుతాడు. చెప్పిందే చెప్పలేక అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను.

సింహాసనమా, సింహసనమా?

మొదటిదే. సింహ, ఆసన అనే రెండు మాటలు కలిస్తే సవర్ణదీర్ఘ సంధి వచ్చి 'హా' అవుతుంది. ఆ దీర్ఘం మింగేస్తే మిగిలే 'సనం' అనే ముక్కకు ఇక్కడ అర్థం లేదు. ఫ్లెక్సీ కుర్రాడికి ఇది మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి దీర్ఘం పెట్టాడు గానీ, ఎందుకైనా మంచిదని 'సింహాసానం' అని రెండు పెట్టాడు.

పరీక్షలవాళ్లకు ఒక్క మాట. విగ్రహవాక్యం 'సింహం యొక్క ఆసనం' అని రాయకండి. సింహం కూర్చునే చోటు గుహ. 'సింహపు గుర్తు గల ఆసనం' అని విడదీయండి. మధ్యలో 'గుర్తు' అనే మాట లోపించింది కాబట్టి మధ్యమపదలోపి సమాసం.

ఆసనం అంటే కుర్చీయేనా? మరి యోగాలో పద్మాసనం, వజ్రాసనం అంటారు కదా?

'ఆస్' అనే సంస్కృత ధాతువుకు కూర్చోవడం అని అర్థం. కూర్చునే తీరు కూడా ఆసనమే, కూర్చునే వస్తువు కూడా ఆసనమే. అందుకే యోగా క్లాసులో చేసేదీ ఆసనమే, జపానికి నేల మీద పరుచుకునే దర్భాసనమూ ఆసనమే. దగ్గరగా కూర్చుని సేవించడం ఉపాసన. నాకేం పట్టదన్నట్టు పక్కకు కూర్చున్నవాడు ఉదాసీనుడు.

ఈ మాటల వెంట తిరిగి తిరిగి నాకో అలవాటయింది. రాజాసనానికి ఏ పేరు కనిపించినా, దాని మీద మనిషి ఎలా కూర్చుంటాడని ముందు ఆలోచిస్తాను. కాళ్లు కిందికి వేసా, బాసింపట్టు వేసా, దిండుకు ఆనుకునా, నలుగురి భుజాల మీదా? సగం అర్థం అక్కడే దొరుకుతుంది. కింద చెప్పే జవాబులన్నిట్లోనూ ఈ చాదస్తం కనిపిస్తుంది, సర్దుకోండి.

సింహమే ఎందుకు? పులి పనికిరాదా?

పనికొచ్చింది. ఇంకా చెప్పాలంటే పులే ముందు. వేదకాలంలో రాజుకు అభిషేకం చేసేటప్పుడు కూర్చోబెట్టే పీఠం పేరు ఆసంది. ఐతరేయ బ్రాహ్మణం అనే వేదగ్రంథంలో దాని తయారీ వివరంగా ఉంది. మేడి కర్రతో చేయాలి, మీద పులిచర్మం పరవాలి, వెంట్రుకలు పైకి ఉండాలి, మెడ భాగం తూర్పుకు ఉండాలి. మేడిపండు అనగానే మనకు పొట్టలోని పురుగులే గుర్తొస్తాయి గానీ, ఆ చెట్టు కర్ర మీదే రాజును కూర్చోబెట్టారు. జనమేజయుడి రాజధానికి ఆసందీవంతం అని పేరుండేది. ఆసంది ఉన్న ఊరని అర్థం. ఊరికి కోట పేరో నది పేరో కాకుండా రాజు కూర్చునే పీఠం పేరు పెట్టారంటే దాని విలువ ఏపాటిదో చూడండి.

ఆ తర్వాత సింహం వచ్చింది. మృగరాజు కాబట్టి రాజుకు సరిజోడని వేరే చెప్పక్కర్లేదు. రాజులకే కాదు, బుద్ధుణ్ని శాక్యసింహుడు అన్నారు, ఆయన కూర్చున్నదీ సింహాసనమే అయింది. అమరావతి పాత శిల్పాల్లో బుద్ధుడి రూపం చెక్కకుండా ఖాళీ ఆసనం చెక్కి, దాని ముందు పాదముద్రలు చెక్కారు. భక్తులు ఆ ఖాళీ ఆసనానికే చేతులు జోడించి ఉంటారు. కూర్చున్నవాడు కనిపించకపోయినా ఆసనమే ఆయన కింద లెక్క.

సింహాలున్న సింహాసనాన్ని కళ్లారా చూసి రాసినవాడు డొమింగో పాయెస్ అనే పోర్చుగీసు యాత్రికుడు. కృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో విజయనగరం వచ్చాడు. నవరాత్రి వేడుకల్లో రాజుగారి ఆసనం చూశాడు. దానికి బంగారు సింహాలున్నాయి, మధ్యమధ్యలో కెంపులూ ముత్యాలూ పొదిగిన బంగారు రేకులున్నాయి. అయితే ఆ తొమ్మిది రోజులు దాని మీద పూలలో మునిగిన బంగారు విగ్రహం ఉందట. ఈ కృష్ణదేవరాయలే 1514లో గజపతుల నుంచి మన ఉదయగిరి కోట గెలుచుకుని, అక్కడి బాలకృష్ణుణ్ని హంపికి తీసుకుపోయి గుడి కట్టాడు. ఉదయగిరి మీదుగా బస్సులో వెళ్లినప్పుడల్లా ఆ కొండ చూస్తే నాకు ఆ సింహాలే గుర్తుకొస్తాయి.

మా షాపు సింహాల సంగతి చెప్పకపోతే అన్యాయం. ఒకసారి వ్యాన్ లోంచి దించేటప్పుడు కుడిచేతి సింహానికి చెవి విరిగింది. మావాడు ఫెవికాల్ పెట్టి అతికించి మీద బంగారు రంగు పూశాడు. అది పూర్తిగా ఆరలేదు. ఓణీల ఫంక్షన్లో ఆ పిల్ల పట్టులంగాకు రంగంతా అంటుకుంది. వాళ్ల మేనత్త వచ్చి, "ఏందయ్యోరూ, ఇది సింహమా పిల్లా? గీరిందిగా!" అంది. డబ్బులు వెనక్కి ఇచ్చేశాం.

భద్రాసనం, సింహాసనం ఒకటేనా?

దగ్గరివే గానీ ఒకటి కాదు. అమరసింహుడు రాసిన సంస్కృత నిఘంటువు అమరకోశం చెప్పే తేడా చాలా సులువు. రాజు కూర్చునేది ఏదైనా భద్రాసనం. అదే బంగారంతో చేసిందైతే సింహాసనం. అంటే ప్రతి సింహాసనమూ భద్రాసనమే, ప్రతి భద్రాసనమూ సింహాసనం కాదు. భద్రం అంటే శుభం, క్షేమం. ఇప్పుడు మనం 'భద్రంగా వెళ్లిరా' అనేటప్పటి భద్రమే.

ఇక్కడో చిన్న తమాషా ఉంది. బంగారు సింహాసనం మీద కుక్కను కూర్చోబెట్టి పట్టం కట్టినా పాత బుద్ధి మానదని సుమతీ శతకంలో చదువుకున్నాం కదా. అమరకోశం లెక్కన సింహాసనం అన్నాక బంగారం వేరే చెప్పక్కర్లేదు. కానీ తెలుగులో సింహాసనం అప్పటికే ఏ రాజాసనానికైనా చెల్లే మాటగా సాగిపోయినట్టుంది, అందుకే కవి 'కనకపు' అని చేర్చాడు. ప్రాస కోసం చేర్చాడని వాదించేవాళ్లూ ఉంటారు. క అక్షరం ముందు కూర్చోగానే న అక్షరానికి దారి దొరికింది మరి.

గద్దె అంటే సింహాసనమేనా? 'గద్దె దిగాలి' అంటారు, 'సింహాసనం దిగాలి' అని ఎవరూ అనరెందుకు?

ఈ ప్రశ్న అడిగింది డిగ్రీ చదివే పిల్లోడు. మంచి ప్రశ్న.

తెలుగులో 'గద్దియ' అనే పాత రూపం ఉంది. హిందీలో గద్దీ అంటే మెత్తటి పరుపు, దిండు. పరుపు మీద కూర్చున్న వ్యాపారి స్థానమూ గద్దీయే, రాజు స్థానమూ గద్దీయే. కన్నడలో గద్దిగె అంటే ఆసనం, మఠాల స్వాముల సమాధినీ గద్దిగె అంటారు. మేడారంలో సమ్మక్క, సారలమ్మల గద్దెలంటే ఎత్తు చేసిన తిన్నెలు. ఈ అన్నిట్లో సింహం లేదు, బంగారం లేదు. నేల మీద కాస్త ఎత్తు, కాస్త మెత్తన. దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటారు.

సింహాసనం వస్తువు పేరు. గద్దె తెలుగులో అధికారం పేరయి కూర్చుంది. గద్దెనెక్కించడం, గద్దె దించడం, గద్దె కోసం కొట్టుకోవడం అన్నీ అధికారం మాటలే. ఊరేగింపులో 'సింహాసనం దిగాలి' అని అరిస్తే నాటకం డైలాగులా ఉంటుంది. గద్దె రెండక్షరాలు, పైగా ఒత్తు దద్దరిల్లుతుంది. నినాదానికి అంతకన్నా ఏం కావాలి?

పట్టం కట్టడం అంటే సింహాసనం ఎక్కించడమేనా?

పనిలో ఒకటే, మాటలో కాదు. ఈ ప్రశ్న దగ్గర నేను కాసేపు ఆగుతాను, మా ఊరి పరువు దీనితో ముడిపడి ఉంది.

పట్టం అంటే ఆసనం కాదు. నుదుటికి కట్టే పట్టీ. మొదట్లో బట్ట, తర్వాత బంగారు రేకు. అందుకే 'పట్టం ఎక్కించారు' అనరు, 'కట్టారు' అంటారు. వరాహమిహిరుడు ఆరో శతాబ్దంలో బృహత్సంహితలో దీని లక్షణాలకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఇచ్చాడు. రాజు పట్టానికి ఐదు శిఖలు, అంటే పైకి లేచిన కొసలు, యువరాజుకీ రాణికీ మూడేసి, సేనాపతికి ఒకటి. రాజు మెచ్చి ఇచ్చే పట్టానికి శిఖలుండవు. భుజం మీద నక్షత్రాలు లెక్కపెట్టి పోలీసు అధికారి హోదా చెప్పినట్టే, అప్పుడు నుదురు చూసి చెప్పేవారన్నమాట. పట్టం కట్టించుకున్న రాణి పట్టపురాణి. ఏనుగుల్లో పట్టపుటేనుగు. పట్టం, అభిషేకం కలిస్తే పట్టాభిషేకం. ఎన్నికల ఫలితాల మర్నాడు పేపర్లో 'ప్రజలు పట్టం కట్టారు' అని హెడ్డింగు వచ్చినప్పుడు వేలికి సిరా గుర్తున్న మనమే వెళ్లి నుదుటికి రేకు కట్టినట్టు లెక్క.

ఇక మా ఊరి సంగతి. తెలుగులో దొరికిన తొలి పద్యశాసనాల్లో పేరున్నది అద్దంకి శాసనం, 848 నాటిది. నన్నయకు రెండు వందల ఏళ్లు ముందు. తూర్పు చాళుక్యరాజు గుణగ విజయాదిత్యుడి సేనాని పండరంగడు వేయించింది. తరువోజ అనే ఛందస్సులో రాసిన పద్యం. ఆ పద్యం ఏ మాటతో మొదలవుతుందో తెలుసా? 'పట్టంబు గట్టిన ప్రథమంబు నేడు' అని. రాజుకు పట్టం కట్టిన మొదటి ఏడు అని. పన్నెండు బోయ కోటలు గెలిచిన సంగతి చెప్పి, కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేసిన సంగతి చెప్పి, చివరికి 'కందుకూర్ బెజవాడ గావించె మెచ్చి' అంటుంది. మెచ్చుకుని కందుకూరును బెజవాడంత చేశాడని!

మా ఊరు బెజవాడంత ఎప్పుడైందో, మళ్లీ ఎప్పుడు మామూలైందో నన్నడగొద్దు. 1970కి ముందు నెల్లూరు జిల్లాలో ఉన్నాం, అప్పుడు ఒంగోలు జిల్లా కొత్తగా పెడితే అందులోకి పోయాం, అది ప్రకాశం అయింది, 2022లో మళ్లీ నెల్లూరులోకి వచ్చాం. జిల్లా గీతలు ఎటు జరిగినా, తెలుగు పద్యం కళ్లు తెరిచిన చోట పట్టమూ కందుకూరూ పక్కపక్కనే ఉన్నాయి. క్లాసులో ఇది చెప్పినప్పుడు వెనక బెంచీ పిల్లలు కూడా తలెత్తేవాళ్లు.

పట్టం ఎలా ఉండేదో ఊహించుకోవాలంటే పెళ్లిలో బాసికం చూడండి. నుదుటికి కడతారు, వెనక ముడి వేస్తారు. రెండూ ఒకటేనని నేననను, కానీ ఆ పూటకు పెళ్లికొడుకు రాజే కదా.

పీఠం, పీట ఒకటేనా?

ఒకటే. సంస్కృతంలో పీఠం, తెలుగు నోట్లో నలిగి పీట. కానీ రెండూ వేర్వేరు ఇళ్లలో పెరిగిన అన్నదమ్ముల్లా తయారయ్యాయి. పీఠం మఠాలకు వెళ్లింది, పీఠాధిపతులు, శక్తిపీఠాలు వచ్చాయి. పీట వంటింటికి వెళ్లింది, కత్తిపీట, చపాతీ పీట వచ్చాయి. పుస్తకం మొదట రాసే పీఠిక చిన్న పీఠమే. పుస్తకాన్ని దాని మీద కూర్చోబెడతారు. పారాయణానికి పుస్తకం ఆనించే మడత చెక్క వ్యాసపీఠం. భూగోళం పాఠంలో దక్కన్ పీఠభూమి. పైన చదునుగా, చుట్టుపక్కల కన్నా ఎత్తుగా ఉంటే చాలు, పీఠమే.

రాజుకు రెండు పీఠాలుండేవి. ఒకటి కూర్చోవడానికి, ఇంకోటి కాళ్లు పెట్టుకోవడానికి, అది పాదపీఠం. సింహాసనం ఎత్తుగా ఉంటుంది, కాళ్లు కిందికి వేలాడతాయి, వాటికి ఆనిక కావాలి. ఓడిన రాజులు వచ్చి కిరీటాలు వంచేది ఆ పాదపీఠం దగ్గరే. పాత కావ్యాల్లో సామంతుల కిరీటాల మణుల వెలుగు రాజు పాదపీఠం మీద పడిందని పేజీలకు పేజీలు వర్ణిస్తారు. మా స్టేజీ సింహాసనానికి కూడా ఒక చిన్న స్టూలు ఉంది, ఎక్కువగా ఫొటోగ్రాఫరే దాని మీద నిలబడతాడు.

'వ్యవసాయానికి పెద్దపీట' అని బడ్జెట్ రోజు పేపర్లో వస్తుంది చూడండి, అది కూడా ఇదే. ఇంటికొచ్చిన పెద్దమనిషికి పెద్దపీట వేసి కూర్చోబెట్టడం మర్యాద. డబ్బు వస్తుందో రాదో గానీ పీట మాత్రం ఏటేటా పడుతుంది.

తఖ్తు, మసనదు, దివాన్ అనేవి కూడా సింహాసనాలేనా?

నవాబుల కాలం మాటలు. మన నెల్లూరు సీమ 1801 దాకా ఆర్కాటు నవాబు కింద ఉంది, ఆ ఏడాది ఈస్టిండియా కంపెనీ చేతికి పోయింది. అందుకని ఈ మాటలు మన తాతలకు కొత్త కాదు.

తఖ్తు పారశీకం. చెక్కతో చేసిన పెద్ద అరుగులాంటిది, దాని మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటారు. షాజహాను 1635లో ఎక్కిన నెమలి సింహాసనం తఖ్త్-ఎ-తావూస్. తావూస్ అంటే నెమలి. 1739లో నాదిర్షా దాన్ని పట్టుకుపోయాడు. అమృత్‌సర్‌లో అకాల్ తఖ్తు ఉంది. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల తఖ్త్-ఎ-నిషాన్ ఇప్పటికీ చూడొచ్చు. తెల్లటి పాలరాతి తిన్నె అది. సింహాసనం అంటే కుర్చీలా ఉంటుందనుకుని వెళ్లిన మా మనవడు, "తాతయ్యా, రాజు కుర్చీ ఏది?" అని గైడుని కూడా విసిగించాడు.

మసనదు అరబిక్ మాట, ఆనుకునేది అని అర్థం. దిండు అన్నమాట. ఆనుకుని కూర్చునే ఆ దిండే నవాబుగిరీకి గుర్తయింది. జమీందార్లకు కంపెనీ ఇచ్చిన కాగితాలను సనదులు అన్నారు, అదీ ఆ ధాతువే: ఆధారం. ఒకటి వీపుకు ఆధారం, ఇంకోటి హక్కుకు.

దివాన్ ప్రయాణం ఇంకా విచిత్రం. మొదట లెక్కల పుస్తకం, తర్వాత లెక్కలు చూసే కచేరీ, తర్వాత ఆ కచేరీ నడిపే మంత్రి, అక్కడ గోడ వారన వేసే పరుపు బల్ల. తెలుగులో జమీందారు గారి దివాణం. ఇప్పుడు ఫర్నిచర్ షాపులో ఈఎంఐ మీద దొరికే దివాన్ కాట్.

మరి కుర్చీ?

ఇది వింటే మా షాపుకొచ్చినవాళ్లు నమ్మరు. మేము వందల లెక్కన అద్దెకిచ్చే ప్లాస్టిక్ కుర్చీ మాట అరబిక్ 'కుర్సీ'. ఖురాన్ రెండో సూరా 255వ వాక్యానికి ఆయతుల్ కుర్సీ అని పేరు. అక్కడ కుర్సీ భగవంతుడి పీఠం, భూమ్యాకాశాలంత విశాలమైనది. నెల్లూరులో ముస్లిముల ఇళ్లలో ఫ్రేము కట్టి గోడకు పెట్టిన ఆ వాక్యాన్ని చాలామంది చూసే ఉంటారు. ఆ మాటే మన నోట కుర్చీ అయి, పడక్కుర్చీ, మడత కుర్చీ దాకా వచ్చింది. రాజకీయాల్లో మాత్రం పాత దర్జా పోలేదు. 'కుర్చీ కోసం' అంటే ప్లాస్టిక్ కుర్చీ అని ఎవరూ అనుకోరు.

అందలం, పల్లకి, అంబారీలను కూడా రాజాసనాలే అనాలా?

కదిలే రాజాసనాలు అనండి. అందలం ఊగేది, ఆందోళిక అనే సంస్కృత మాటకు చుట్టం, ఊగడమే అందులో ఉంది. మనసు ఊగితే ఆందోళన. పల్లకి పర్యంకం నుంచి వచ్చింది, అంటే మంచం. కాబట్టి పల్లకిలో కూర్చోవడం కన్నా ఒరగడమే పద్ధతి. 'అందరూ అందలమెక్కితే మోసేవారెవరు' అనే సామెతలో మోసే బోయీల భుజం నొప్పి వినిపిస్తుంది.

ఏనుగు మీద వేసేది హౌదా, పైన కప్పు ఉంటే అంబారీ. హౌదా అరబిక్ మాట, మొదట అది ఒంటె మీద ఆడవాళ్లు కూర్చోవడానికి. మైసూరు దసరాలో చాముండేశ్వరి ఊరేగే బంగారు అంబారీ సుమారు 750 కిలోలని చెబుతారు. ఆ బరువు మోసే ఏనుగుకు నెలల ముందు నుంచే ఇసుక మూటలతో ప్రాక్టీసు చేయిస్తారు.

దేవుళ్ల విషయానికొస్తే నెల్లూరులో పెన్న ఒడ్డున ఉన్న తల్పగిరి రంగనాథుణ్ని తలుచుకోవాలి. తల్పం అంటే పడక. ఆయనకు సింహాసనంతో పని లేదు, శేషుడి మీద పడుకునే రాజ్యం చేస్తాడు. ఉత్సవమూర్తే పాపం ఊరంతా తిరగాలి.

నెల్లూరును సింహపురి అంటారు కదా, సింహాసనానికీ దానికీ సంబంధం ఉందా?

సింహం అనే మాట తప్ప నేరుగా ఏమీ లేదు. తెలుగు చోళుల రాజధానిగా ఈ ఊరు విక్రమసింహపురి. అయితే ఊళ్లో సింహాసనం కథ ఒకటి బాగా చెప్పుకుంటారు. మనుమసిద్ధిని దాయాదులు గద్దె దించేస్తే, తిక్కన ఓరుగల్లు వెళ్లి కాకతి గణపతిదేవుణ్ని ఒప్పించి, సైన్యం సాయంతో మళ్లీ ఎక్కించాడని. మహాభారతం రాసిన చేతికి మంత్రాంగం కూడా తెలుసు. పొదుపుగా మాట్లాడే కవి రాయబారానికి బాగా పనికొస్తాడని నేను పిల్లలకు చెప్పేవాణ్ని.

ధర్మాసనం, మేత్రాసనం ఏమిటి?

పేపర్లో 'హైకోర్టు ధర్మాసనం' అని చదువుతాం. తీర్పు చెప్పడానికి రాజు కూర్చునే ఆసనం అది, ఇప్పుడు జడ్జీలకు వచ్చింది. మేత్రాసనం క్యాథలిక్కుల మాట. బిషప్పు గారిని మేత్రాణులు అంటారు, ఆయన పరిధి మేత్రాసనం. మలయాళం మెత్రాన్, దాని వెనక సిరియాక్, దాని వెనక గ్రీకు, చివర మన సంస్కృతపు ఆసనం. ఇంగ్లీషు కథీడ్రల్ కూడా అసలు బిషప్పు కుర్చీ ఉన్న గుడి అనే. గ్రీకులో కథెడ్రా అంటే ఆసనం. నెల్లూరు మేత్రాసనం అని బోర్డు చూసినప్పుడల్లా, ఇన్ని భాషలు ఒక్క మాటలో ఎలా సర్దుకున్నాయా అనిపిస్తుంది.

కొలువు అంటే సింహాసనం ఉన్న హాలా, ఉద్యోగమా?

రెండూ. కొలవడం అంటే సేవించడం. రాజు కూర్చుంటే చుట్టూ సేవించేవాళ్లు చేరితే కొలువు తీరినట్టు. ఆ సేవ చేసేవాడికి జీతం వస్తే అదీ కొలువే. అందుకే నోటిఫికేషన్ పడితే 'కొలువుల జాతర' అని రాస్తారు. సంక్రాంతికి మెట్ల మీద బొమ్మలు పేర్చినా కొలువే. దేవుడు కొండ మీద కొలువై ఉంటాడు. కూర్చున్నవాడి మీద కాకుండా చుట్టూ నిలబడ్డవాళ్ల మీద పుట్టిన మాట ఇదొక్కటే. అందుకే నాకు ఇష్టం.

విక్రమార్కుడి సింహాసనానికి అన్ని బొమ్మలెందుకు?

ముప్పై రెండు సాలభంజికలు. భోజరాజు ఒక్కో మెట్టు ఎక్కబోతే ఒక్కో బొమ్మ ఆపి, విక్రమార్కుడి గుణం ఒకటి చెప్పి, 'నీకుందా?' అని అడుగుతుంది.

బొమ్మల కన్నా ముందు వచ్చే పొలం కథ నాకు ఎక్కువ నచ్చుతుంది. ఒక బ్రాహ్మడు చేలో మంచె కట్టాడు. మంచె ఎక్కి కూర్చున్నప్పుడు దారిన పోయేవాళ్లను పిలిచి, 'రండి, కావలసినంత కోసుకు తినండి' అనేవాడు. కిందికి దిగగానే, 'నా చేను పాడు చేశారు' అని గగ్గోలు పెట్టేవాడు. ఎక్కితే ఉదారం, దిగితే పిసినారి. ఆ మంచె కింద తవ్వితే సింహాసనం బయటపడింది. మా చిన్నప్పుడు జొన్నచేల మంచెల మీద ఎక్కి మేమూ పరీక్ష చేసుకున్నాం. పిట్టల మీద వడిసెల తిప్పడం తప్ప ఏ ఉదారమూ పుట్టలేదు.

వినాయక చవితికి 'రత్నసింహాసనం సమర్పయామి' అంటూ నాలుగు అక్షింతలు వేస్తాం. అది మోసం కాదా?

ఏడో క్లాసు పిల్ల అడిగింది. మోసం కాదమ్మా. పదహారు ఉపచారాల వరుస చూడు. మొదట రమ్మని పిలవడం, తర్వాత ఆసనం, తర్వాత కాళ్లకు నీళ్లు. ఇంటికి చుట్టాలొస్తే మీ అమ్మ చేసేదీ ఇదే వరుస. 'రండి, కూర్చోండి' అని, తర్వాత మంచినీళ్లు. ఉన్నది ప్లాస్టిక్ కుర్చీయే అయినా దుమ్ము తుడిచి వేస్తుంది చూడు, అది కూడా రత్నసింహాసనమే.

స్టేజీ మీద వేసే కుర్చీని సింహాసనం అనొచ్చా? శుభలేఖలో ఏం రాయించాలి?

సింహం తలలున్నాయి కాబట్టి అనొచ్చు. బంగారం సంగతి అమరసింహుడు చూసుకుంటాడు. శుభలేఖలో మాత్రం కుర్చీ గురించి ఏమీ రాయించకండి. ఈమధ్య ఒకాయన 'వధూవరులు సింహాసనం అధిష్ఠించు శుభముహూర్తం' అని వేయించబోతే ఆపాను. ముహూర్తం జీలకర్ర బెల్లానిది, కుర్చీది కాదు.

పెళ్లికి కావలసింది పీటలు. అవి మా షాపులో అద్దెకు లేవు. ఇంట్లో మా పెళ్లినాటి పీటలు రెండున్నాయి, అడిగినవాళ్లకు మా ఆవిడ ఊరికే ఇస్తుంది. తిరిగి తెచ్చేటప్పుడు పసుపు కడగకుండా తెమ్మంటుంది.